పదకొండు బస్తాల తెల్లమన్ను

మే నెల మొదట్లో స్తమాతిస్ భార్య లెమోనియా పోయింది. జూన్‌లో అతను చెయ్యవలసిన పని ఒకటి చెయ్యలేదు. దాని ఫలితంగా నవంబరు నుంచి వంటింటి బల్ల ముందు ఒక్కడే కూర్చుని, బొటనవేలంత కత్తితో, మస్తిహ బంకకు పట్టిన మట్టి గీకుతున్నాడు. జనవరి వచ్చేసింది. ఇంట్లో ఇరవై రెండు బుట్టల పంట ఉంటే అందులో శుభ్రమైనవి నాలుగే.

హియోస్ దీవి దక్షిణపు కొసన ఉన్న ఆ ఊరికి మస్తిహే పంట, మస్తిహే బతుకు. చెట్లు మనిషెత్తు కూడా దాటవు, మెలికలు తిరిగి నేలకు వంగి ఉంటాయి. ఎండాకాలంలో బెరడు మీద సన్నటి గాట్లు పెడితే బంక బొట్లు బొట్లుగా కారి కింద పడుతుంది, పదిహేను ఇరవై రోజులకు గట్టిపడుతుంది. నోట్లో వేసుకుంటే మొదట కాస్త చేదు, తర్వాత పచ్చి ఆకు నమిలినంత చల్లదనం. ఫ్యాక్టరీల్లో చూయింగ్ గమ్ పుట్టకముందు నుంచీ ఆ సముద్రం చుట్టుపక్కల జనం నమిలింది దీన్నే. ఆ ఊళ్ళో ఎవరి దవడైనా ఆడటం లేదంటే ఆ మనిషి నిద్రపోతున్నట్టో, చర్చిలో ఉన్నట్టో అనుకోవాలి.

బంకకు ఒకటే గుణం. పడిన చోటు పట్టుకుంటుంది. అందుకని గాట్లు పెట్టకముందే, జూన్‌లో, చెట్టు కింద నేల ఊడ్చి, చదును చేసి, పిండిలా జల్లించిన తెల్లమన్ను పరుస్తారు. బొట్టు ఆ పొడి మీద పడి పొడినే ఒంటికి పూసుకుంటుంది కాబట్టి నేల దాకా పోదు, పక్క బొట్టునూ అంటుకోదు. రొట్టె పిండి ముద్దను పొడిపిండిలో దొర్లిస్తే బల్లకు అంటనట్టే. ఇది ఆ ఊళ్ళో నడక నేర్చిన ప్రతి బిడ్డకూ తెలుసు. అరవై ఆరేళ్ళ స్తమాతిస్‌కు తెలియకపోవడమేమిటి.

తెల్లమన్ను లేకా కాదు. ఇంటి కింద కొట్టులో పదకొండు బస్తాలు నిండుగా, వరసగా, మూతులు కట్టి ఉన్నాయి. లెమోనియా మార్చిలో జల్లించి పెట్టిన మన్ను అది. గాట్లు పెట్టడం అతని పని, మన్ను జల్లించి పరవడం ఆమె పని, నలభై ఏళ్ళుగా అంతే. జూన్‌లో ఒకరోజు బస్తా ఒకటి గాడిద మీదికి ఎత్తుదామని కొట్టులోకి దిగాడు. నీలం పురికొసతో వేసిన ముడి చూశాడు. ఆ ముడి వెనక ఉన్నదంతా ఆమె చేతులు ఆడించిన జల్లెడలోంచి రాలిన మన్ను. దాన్ని తీసుకెళ్ళి నేల మీద పారబోసి, దాని మీద తొక్కుతూ తిరగాలి. అక్కడే మెట్టు మీద కూలబడి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. తర్వాత ఖాళీ గాడిదను తోలుకుని తోటకు పోయాడు.

అతని తోట గుట్టకు అవతలి వైపు, ఎవరూ పోని లోయలో ఉంది. వట్టి నేల మీద బంక కారుతుంటే చూసినవాళ్ళు లేరు. సెప్టెంబరులో ఏరబోతే ఏదీ ఊడి రాలేదు. ఒక్కో బొట్టూ ఎర్రమట్టినీ, ఎండుటాకునీ, గులకరాయినీ కరుచుకుని ఉంది. పారతో పెళ్ళగించి, బుట్టల మీద గోనెలు కప్పి, సందె వేళ ఇల్లు చేర్చాడు.

నాలుగేళ్ళ కిందట పట్నం నుంచి కళ్ళద్దాల అమ్మాయి ఒకామె, రసాయనశాస్త్రం చదివినామె, బడి సావిడిలో ఊరందరినీ కూచోబెట్టి ఇదే సంగతి చెప్పింది. బల్ల మీద గాజుపలక రెండు ముక్కలు పెట్టింది, ఒకటి పొడిది, ఒకటి తడిపింది. పక్కన పిండి చల్లిన చెక్క పెట్టింది. నమిలిన చూయింగ్ గమ్ ఉండలు ఒక్కోదాని మీద నొక్కింది. నాలుగో ఉండ సావిడి గడప రాతి మీద నొక్కింది. తడి గాజు మీదిదీ, పిండి మీదిదీ వేలితో తీస్తే వచ్చేశాయి. పొడి గాజు మీదిది కాస్త పెనుగులాడి వచ్చింది. రాతి మీదిది రాలేదు.

ఆ అమ్మాయి చెప్పిన వివరం ఇది. జిగురు అటు రాయీ కాదు, ఇటు నీళ్ళూ కాదు. తేనె కన్నా నెమ్మదిగా పారుతూ, పైకి నున్నగా కనిపించే రాతిలోని వెయ్యి గుంటల్లోకీ దిగుతుంది. దిగి గట్టిపడుతుంది. అప్పుడు మనం లాగేది ఒక్క ఉండను కాదు, వెయ్యి వేళ్ళను. మధ్యలో సన్నని తడో పొడో ఉంటే దానికి ఆ గుంటలు దొరకవు. నోట్లో పంటికి అంటకపోవడమూ అందుకే, పన్ను ఎప్పుడూ తడిగా ఉంటుంది.

లెమోనియా వెనక వరసలోంచి అందరికీ వినబడేట్టు, "అమ్మా, నువ్వు గంటసేపు చెప్పింది మా అమ్మ ఒక్క మొట్టికాయతో చెప్పేసింది" అంది. సావిడంతా నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వింది. గడప రాతి మీద గమ్ము మాత్రం ఇప్పటికీ నల్లటి మచ్చగా అక్కడే ఉంది. స్తమాతిస్ ఆ దారిన పోయినప్పుడల్లా దాన్ని దాటి అడుగేస్తాడు.

ఇక ఊరి సంగతి. ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పైన కప్పులు కలిసే ఉంటాయి, సందుల మీద రాతి కమానులు. పక్కింట్లో గరిటె కింద పడితే ఈ ఇంట్లో వినిపిస్తుంది. అలాంటి ఊళ్ళో ఒంటరిగా ఉండాలంటే పనిగట్టుకుని ఉండాలి. స్తమాతిస్ పనిగట్టుకునే ఉన్నాడు. లెమోనియాను మట్టిచేసిన వారంలో ఆడవాళ్ళు వంతులేసుకుని పళ్ళేల మీద గుడ్డలు కప్పి భోజనం తెచ్చారు. అతను తలుపు తియ్యలేదు. గుమ్మంలో పెట్టిపోయిన భోజనాన్ని పిల్లులకు వదిలేసి, పళ్ళేలు కడగకుండానే వాళ్ళ గుమ్మాల్లో పెట్టి వచ్చాడు. నలభయ్యో రోజు పోయినవాళ్ళ పేరున ఉడికించిన గోధుమలు ఊరందరికీ పంచాలి. అది ఊళ్ళో చెయ్యకుండా, కొండ మీది మఠానికి ఒక్కడే పోయి, తెలియని సన్యాసుల చేతుల్లో పోసి వచ్చాడు. దానితో ఊరి మనసు విరిగింది. దుఃఖంలో ఉన్నవాడి మొరటుతనాన్ని ఊరు ఎంతో కొంత మన్నిస్తుంది, కానీ ఆ గోధుమ గింజలు మాత్రం వాళ్ళకు రావలసినవి. లెమోనియా వాళ్ళకూ పోయింది మరి.

చలికాలం వస్తే ఆడవాళ్ళంతా ఒక బల్ల చుట్టూ చేరి మస్తిహ శుభ్రం చేస్తారు. ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. ఒకరి పంట ఇంకొకరి చేతుల మీదుగా పోతుంది. ఆడమనిషి లేని ఇంటికి ఆ వంతులో చోటు లేదు, ఎందుకంటే ఆ ఇంటి నుంచి తిరిగి వచ్చే చేతులు లేవు. ఎవరైనా జాలిపడి పిలవాలి, లేదా ఇతను పోయి అడగాలి. పిలిచేవాళ్ళను తనే తరిమేశాడు. అడగడం అతని వల్ల కాలేదు.

ఎదురింటి కలిరోయి వంటింట్లోంచి మధ్యాహ్నాలు నవ్వులు వినిపించేవి. కలిరోయి లెమోనియాకు చిన్ననాటి స్నేహితురాలు. ఆమె కొడుక్కి జ్ఞానతండ్రిగా నిలబడి జ్ఞానస్నానం చేయించింది స్తమాతిసే, అందుకని ముప్పై ఏళ్ళుగా ఒకరినొకరు కుంబారె, కుంబారా అని పిలుచుకుంటారు. ఆ చుట్టరికం రక్తసంబంధం కన్నా ఎక్కువని అక్కడి లెక్క. మే నుంచి ఇద్దరి మధ్యా పలకరింపు లేదు. నవ్వులు వినబడ్డప్పుడు స్తమాతిస్ కత్తి ఆపి వినేవాడు. ముసలి అనెజో గొంతు గుర్తుపట్టేవాడు, రెనియో, వాసిలో అక్కచెల్లెళ్ళ గొంతులు గుర్తుపట్టేవాడు. వాటి మధ్య ఒక గొంతు ఉండాల్సిన చోటు ఖాళీగా వినిపించేది.

పోనీ బంకైనా నోట్లో వేసుకుని కాలం గడుపుదామా అంటే అదీ లేదు. కిందటేడాది కింది పళ్ళు పోయి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నాడు. సొంత పంటి మీద తడి నిలుస్తుంది, ప్లాస్టిక్ చిగురు మీద నిలవదు. మస్తిహ నోట్లో వేసుకున్న రెండో నిమిషానికి పళ్ళసెట్టును పట్టుకుని లాగేది. లెమోనియా ఉండగా అది నవ్వులాట. ఇప్పుడు అద్దం ముందు నిలబడి పళ్ళసెట్టు తీసి, దానికి పట్టిన బంకను చన్నీళ్ళతో గట్టిపరిచి గోరుతో పీకుతుంటే అతనికి తన ముఖం ఎవరిదో అనిపించేది.

కాఫీ దుకాణంలో పాండెలిస్ దాన్ని వదల్లేదు. "ఏం స్తమాతిస్, దవడ అద్దెకిచ్చావా? ఆడటం లేదు" అన్నాడు ఒక ఉదయం. పాండెలిస్ చెడ్డవాడు కాదు, నోటికి తాళం లేనివాడు. అతని కన్ను గుట్ట అవతలి తోట మీద ఉంది. ఫిబ్రవరి రెండున చర్చిలో పండగ. ఆలోగా పంట శుభ్రం చేసి మస్తిహ రైతుల సంఘానికి అప్పగించలేకపోతే తోట పాండెలిస్‌కు కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేసి, పిరేయస్ పట్నంలో చెల్లెలి దగ్గరికి పోతానని స్తమాతిసే ఒకరోజు అత్తిపండ్ల సారా తాగి నలుగురిలో మాటిచ్చేశాడు. ఇచ్చాక మింగలేడు. ఆ తోట లెమోనియా వాళ్ళ అమ్మ నాటింది. ముసలి చెట్టు ఒకటుంది, దాని కిందే లెమోనియా మధ్యాహ్నం నిద్రపోయేది. పిరేయస్‌లో చెల్లెలిది నాలుగో అంతస్తు, కిటికీ తెరిస్తే పక్క కిటికీ.

కాబట్టి గీకాడు. గీకడంలో అతను నేర్చిందేమిటంటే, చలి తనవైపు ఉంది. తెల్లవారగట్ల బుట్టలు మేడ మీదికి చేర్చి, ఉత్తరపు గాలి తగిలేదాకా ఉంచి, బంక గాజులా పెళుసెక్కాక సుత్తి పిడితో మెల్లగా కొడితే మట్టి పెచ్చులుగా రాలేది. కానీ ఎండ గట్టిగా కాసిన రోజున అదే బంక మెత్తబడి రాలిన మట్టిని మళ్ళీ పట్టుకునేది. చేతులకు పట్టిన జిగురు వదలడం లేదని ఒకరోజు ఆలివ్ నూనె రాసుకున్నాడు. చేతులు శుభ్రపడ్డాయి. ఆ చేతులతోనే ఒక బుట్టంతా కలియబెట్టాడు. నూనె తగిలిన బంక పైపైన కరిగి, మబ్బేసి, తెల్లారేసరికి బుట్టంతా ఒకే ముద్దయింది. ఆడవాళ్ళలో ఎవరున్నా చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు. ఆపడానికి ఎవరూ లేని ఇల్లు అది. ఆ ముద్దను చూస్తూ స్తమాతిస్ ఏడ్చాడు. బంక కోసం ఏడుస్తున్నాడో ఇంకెందుకు ఏడుస్తున్నాడో ఆ ముసలాణ్ణి అడక్కండి.

పండగకు పన్నెండు రోజులున్నాయి. శుభ్రం చెయ్యాల్సిన బుట్టలు పద్దెనిమిది.

ఆ మర్నాడు వంటింటి అలమరలో గిన్నె కోసం వెతుకుతుంటే వెనకాల కలిరోయి పళ్ళెం కనబడింది, అంచున నీలిపూల పళ్ళెం. అందరి పళ్ళేలూ తిరిగి ఇచ్చేసినా ఇదొకటి మిగిలిపోయింది. మే నెలలో దాని మీద ద్రాక్షాకుల చుట్టలు ఉండేవని గుర్తొచ్చింది. ఆ ఒక్క పూట ఆకలికి ఆగలేక తిన్నాడు. తిన్నందుకు సిగ్గుపడి పళ్ళేన్ని దాచేశాడు.

పళ్ళేన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. ఖాళీ పళ్ళెం ఎవరూ తిరిగివ్వరు. నిమ్మకాయలో, నాలుగు అత్తిపండ్లో, ఏదో ఒకటి పెట్టాలి. ఇంట్లో రొట్టె తప్ప ఏమీ లేదు. బుట్టలోంచి ఎర్రమట్టి పట్టిన బంక గడ్డలు ఐదారు తీసి పళ్ళెంలో పెట్టాడు, మీద తువ్వాలు కప్పాడు. సందు దాటడానికి ఎనిమిది అడుగులు. తలుపు కొట్టడానికి ముందు రెండుసార్లు వెనక్కి వచ్చాడు.

కలిరోయి తలుపు తీసింది. చేతిలో కత్తి, పెదవి మీద పొడి. లోపల ముగ్గురు ఆడవాళ్ళు మాట ఆపేశారు.

"నీ పళ్ళెం" అన్నాడు.

ఆమె తువ్వాలు తీసింది. ఒక గడ్డ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి తిప్పింది. ఆ ఊరి ఆడదానికి అంతకన్నా చెప్పక్కర్లేదు. బంకను చూస్తే ఏ నెలలో కారిందో, ఏ నేల మీద పడిందో చెప్పేస్తుంది.

"మన్ను పరవలేదా కుంబారె?"

"లేదు."

"ఎందుకని?"

"మన్ను లేదు" అన్నాడు. అరవై ఆరేళ్ళొచ్చినా అబద్ధమాడటం చేతకాక చూపు నేల మీదికి దించేశాడు.

కలిరోయి అతని వంక ఒక్క క్షణం వింతగా చూసింది. ఏదో అడగబోయి ఆగింది. పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. స్తమాతిస్ ఎనిమిది అడుగులూ వెనక్కి నడిచి వచ్చాడు. పిరేయస్‌కు పడవ ఏ రోజుల్లో ఉంటుందో గుర్తుచేసుకుంటూ రొట్టె తినకుండానే పడుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది. గుమ్మంలో నలుగురూ ఉన్నారు, కత్తులతో, గిన్నెలతో, మెత్తని దిండ్లతో. ముసలి అనెజో అతన్ని మోచేత్తో పక్కకు జరిపి లోపలికొచ్చింది.

"జరుగు. మీ ఇంట్లో చలి మేకల కొట్టం కన్నా ఎక్కువ" అంది. అంతకు మించి క్షమాపణలూ లేవు, ఓదార్పులూ లేవు. పొయ్యి వెలిగించారు, మళ్ళీ బంక మెత్తబడుతుందని బల్లకు దూరంగా. సబ్బునీళ్ళు ఒక గిన్నెలో, చన్నీళ్ళు ఒక గిన్నెలో పెట్టుకుని, వేళ్ళు తడుపుకుంటూ మొదలుపెట్టారు. స్తమాతిస్‌కు బల్ల చివర చోటిచ్చారు. మూడు నెలల్లో అతను కనిపెట్టిన సుత్తిపిడి కిటుకు చూపిస్తే వాసిలో తల ఊపి, ఇంత తెలివి ఉన్నవాడికి నూనె సంగతి తెలియలేదా అంది. ముద్దయిన బుట్టను చూసి నలుగురూ ఇంటి పైకప్పు ఎగిరేలా నవ్వారు. తన ఇంట్లో నవ్వు వినిపించి ఎన్నాళ్ళైందో అతను లెక్కపెట్టలేదు.  

ఐదో రోజున పెద్ద గంగాళం కావలసి వచ్చింది. ఎక్కడుందని అడక్కుండా, నలభై ఏళ్ళుగా ఆ ఇంటి మూలమూలా తెలిసిన కలిరోయి కొట్టులోకి దిగిపోయింది. స్తమాతిస్ లేచేలోపే దిగింది. మళ్ళీ పైకి వచ్చేసరికి ఆమె చేతిలో గంగాళం లేదు. చేతులు తెల్లగా ఉన్నాయి.

"పదకొండు బస్తాలు" అంది. "ఒక్కటీ విప్పలేదు."

బల్ల దగ్గర కత్తులు ఆగాయి.

స్తమాతిస్ ఇక దాచలేకపోయాడు. "అది తను జల్లించింది" అన్నాడు. "ఈ ఇంట్లో తన చేతులతో చేసింది మిగిలింది అదొక్కటే. బట్టలు మీరే పంచేశారు. దువ్వెన తనతోనే పెట్టి పూడ్చారు. ఆ మన్ను తీసుకెళ్ళి నేల మీద పోసి తొక్కమంటావా? నా వల్ల కాలేదు. కొట్టులోకి దిగి మెట్టు మీద కూర్చుంటాను రోజూ. కూర్చుంటే తను ఉన్నట్టుంటుంది."

 అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అనెజో కత్తిని ఒళ్ళో పెట్టుకుని, చెప్పెయ్యి అన్నట్టు కలిరోయి వైపు గడ్డం ఎత్తింది.

"కుంబారె, అది లెమోనియా జల్లించలేదు" అంది కలిరోయి.

అతనికి అర్థం కాలేదు.

మార్చిలోనే లెమోనియా చేతుల్లో సత్తువ పోయిందని, జల్లెడ ఎత్తలేకపోయిందని చెప్పింది. అతను గాడిదను తోలుకుని తోటకు పోగానే ఈ నలుగురూ వెనక సందులోంచి వచ్చేవాళ్ళు. కొట్టులో గుండ్రంగా కూర్చుని ఒక జల్లెడ చేతులు మార్చుకుంటూ జల్లించేవాళ్ళు. అతను వచ్చే వేళకు వెళ్ళిపోయేవాళ్ళు. అతనికి తెలియకూడదని లెమోనియా ఒట్టు పెట్టించుకుంది. ఆయనకు తెలిస్తే ఇప్పట్నుంచే ఏడుపు మొదలుపెడతాడు, నేను పోయాక ఎలాగూ ఏడుస్తాడులే అందట.

స్తమాతిస్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. కొట్టులోకి దిగి తలుపు వేసుకున్నాడు.

ఎనిమిది నెలలు ఈ మెట్టు మీద కూర్చున్నాడు. ఈ బస్తాల మీద చెయ్యి వేసి మాట్లాడాడు. పంట నాశనం చేసుకున్నాడు, తోట పోగొట్టుకునేదాకా వచ్చాడు, అన్నీ ఆమె చేతులనుకున్న దాని కోసం. అవి అనెజో చేతులు, రెనియో, వాసిలోల చేతులు, కలిరోయి చేతులు. ఏ చేతులు భోజనం తెస్తే తలుపు తియ్యలేదో ఆ చేతులు. ఆ రోజు, మే నెలలో కన్నా ఎక్కువగా, లెమోనియా లేదని అతనికి తెలిసింది. కోపం వచ్చింది, ఎవరి మీద అంటే చెప్పలేడు. బస్తాను కాలితో తన్నాడు. అది కదల్లేదు.

కాసేపటికి కలిరోయి వచ్చి తలుపు తియ్యకుండా అవతలే నిలబడింది.

"వింటున్నావా?"

కలిరోయి తలుపుకు దగ్గరగా జరిగింది.

"జల్లించేటప్పుడు మమ్మల్ని చంపుకు తినింది మీ ఆవిడ. ఇంకా సన్నగా, ఇంకా సన్నగా అని. ఇంత అవసరమా లెమోనియా, ఎప్పుడూ ఇంత మెత్తగా జల్లించలేదు కదా అన్నాను. ఏమందో తెలుసా? ఒక్క గింజ మిగిలినా బంకకు పట్టుకుంటుంది. పట్టుకుంటే చలికాలంలో ఆయనొక్కడే కూచుని గీక్కోవాలి, నేనుండను కదా అంది."



"తను అసలు ముట్టుకోలేదా?" అని లోపల్నుంచి గొంతు వచ్చింది.

"బస్తాల మూతి తెరిచి పట్టుకుని కూర్చుంది. పదకొండూ. కళ్ళల్లో దుమ్ము పడుతోంది, మేం పట్టుకుంటాం అంటే వినలేదు. ముళ్ళు మాత్రం ఎవర్నీ వెయ్యనివ్వలేదు. చేతుల్లో బలం లేదు కదే అంటే, పురికొస చివర పళ్ళతో పట్టుకుని బిగించింది."

స్తమాతిస్ చీకట్లో తడుముకుని మొదటి బస్తా ముడి మీద చెయ్యి వేశాడు. అది గట్టిగా ఉంది. అప్పుడు ఏడ్చాడు, ఈసారి తలుపవతల ఒక మనిషి ఉండగా. కలిరోయి లోపలికి రాలేదు. వెళ్ళిపోనూ లేదు.

పంట జనవరి ముప్పై ఒకటికి శుభ్రమైంది. నూనె తగిలిన బుట్ట తప్ప తక్కిందంతా సంఘం తీసుకుంది. పాండెలిస్ మొహం వేలాడేసి, సరే, వచ్చే ఏడాది చూద్దాం అన్నాడు. ఫిబ్రవరిలో, ఎనిమిది నెలలు ఆలస్యంగా, స్తమాతిస్ గోధుమలు ఉడికించి ఇంటింటికీ తిరిగి పంచాడు. ఉప్పెక్కువైందని అనెజో అంది. గోధుమల్లో ఉప్పు వెయ్యరని అతనికి ఎవరూ చెప్పలేదు.

పండగలు గడిచాయి, సంవత్సరీకం గడిచింది. ఇంట్లో సాయంత్రాలు మారలేదు. ఒక కుర్చీ, ఒక గిన్నె, ఒక చెంచా. ఎదురింటి దీపం తొమ్మిదింటికి ఆరిపోతుంది, ఆ తర్వాత కమాను కింద గాలి ఒక్కటే. కొట్టు మెట్టు మీద కూర్చోవడం మానేశాడు. మానేశాక ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు.

జూన్ మొదటి వారంలో పదకొండు బస్తాలూ గుట్ట దాటాయి. ఆరు విడతలుగా గాడిద మోసింది. చెట్ల కింద నేల నలుగురు ఆడవాళ్ళూ ఊడ్చారు, స్తమాతిస్ చదును చేశాడు. ముసలి చెట్టు దగ్గర మొదలుపెడదామని కలిరోయి అంది. మొదటి బస్తా అక్కడికి లాగారు. అందరూ చీపుళ్ళ మీద ఆనుకుని నిలబడ్డారు.

స్తమాతిస్ మోకాళ్ళ మీద కూర్చుని ముడి పట్టుకున్నాడు. నీలం పురికొస, చివర పంటి గాట్లు. అతని వేళ్ళు ముడిలోకి దూరలేదు. అటు లాగాడు, ఇటు లాగాడు, గోరు విరిగింది. అనెజో దగ్గర ఎప్పుడూ ఉండే కత్తి అప్పుడూ ఉంది. ఆమె దాన్ని తియ్యలేదు, తియ్యనా అని ఎవరూ అడగలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. లెమోనియా ముడి వేస్తే గట్టిగా వేసేది. విప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. వాళ్ళు నిలబడే ఉన్నారు.